పోలీసుల ఓవర్‌టైమ్, ఆఫ్ డ్యూటీ పనులు: నియమావళి రాయడం నుంచి అమలు దాకా

ఒక కానిస్టేబుల్ రాత్రి పదికి నైట్ డ్యూటీ ఎక్కి పొద్దున ఆరింటికి దిగాడనుకుందాం. పదింటికల్లా కోర్టులో సాక్ష్యం, ఒంటిగంట దాకా అక్కడే. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది వరకు ఓ ప్రైవేటు కార్యక్రమం దగ్గర సెక్యూరిటీ పని, దానికి పైఅధికారి అనుమతి ఉంది. పదికి మళ్లీ నైట్ డ్యూటీ. డ్యూటీ రోస్టర్ తెరిస్తే 8 గంటలు కనిపిస్తాయి. కోర్టు రిజిస్టర్‌లో 3 గంటలు, ప్రైవేటు పనుల ఫైల్‌లో 4 గంటలు ఉంటాయి. ఏ పుస్తకం చూసినా తప్పు పట్టడానికేమీ ఉండదు. మూడూ పక్కపక్కన పెడితే మాత్రం 24 గంటల్లో 15 గంటల పని. ప్రయాణాలు, స్నానం, భోజనం పోగా నిద్రకు మిగిలింది పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు. రెండో రాత్రి తెల్లవారుజామున నాలుగింటికి ఆ మనిషి పెట్రోలింగ్ బండి నడుపుతుంటాడు, నడుముకి తుపాకీ ఉంటుంది.

ఓవర్‌టైమ్ (ఓటీ)కి ఒక సర్క్యులర్, బయటి పనులకు ఇంకో సర్క్యులర్, కోర్టు హాజరీకి మరోటి పెట్టుకున్న ప్రతి శాఖలోనూ ఇదే జరుగుతుంది. అందుకని ఈ మార్గదర్శి మొత్తం ఒక్క సూత్రం మీద నడుస్తుంది: ఎవరు జీతమిచ్చినా, ఎందుకు పిలిచినా, ఒక మనిషి పనిచేసిన గంటలన్నీ ఒకే పద్దులో పడాలి. మిగతా నియమాలన్నీ ఆ పద్దును నిలబెట్టడానికే.

అలసట సంగతి మొదటే చెప్పేస్తాను, ఎందుకంటే పైవాళ్లను ఒప్పించాల్సింది దీనితోనే. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని, 24 గంటలైతే 0.10 శాతానికి సమానమని 1997లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. ఉత్తర అమెరికాలో దాదాపు ఐదు వేల మంది పోలీసుల్ని పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 40 శాతం మందికి ఏదో ఒక నిద్ర రుగ్మత లక్షణాలు బయటపడ్డాయి. తాగి డ్యూటీకి వస్తే సస్పెండ్ చేసే శాఖ, నిద్ర లేకుండా వచ్చినవాడిని ‘కష్టపడతాడు’ అని మెచ్చుకోవడం విడ్డూరం.

1. గంటలకు పేర్లు పెట్టండి

నియమావళి మొదటి పేజీలో ఉండాల్సింది ఏ గంట ఏ ఖాతాలోకి పోతుందన్న పట్టిక. పేరు లేని గంటకి లెక్క ఉండదు.

మామూలు షిఫ్ట్ సంగతి తెలిసిందే. షిఫ్ట్ అయిపోయాక కేసు పనివల్ల ఆగిపోవడం పొడిగింపు. ఇంటికెళ్లినవాడిని వెనక్కి పిలిస్తే రీకాల్. సభ, ఊరేగింపు, ఎన్నికలు లాంటి వాటికి ముందే వేసే డ్యూటీ బందోబస్తు. కోర్టు హాజరీకి విడిగా ఒక ఖాతా ఉండాలి. శిక్షణ సెలవు రోజున పెడితే అదీ ఓటీయే. బయటి సంస్థ డబ్బిచ్చి పెట్టించుకునే పని ప్రైవేటు డ్యూటీ. డ్యూటీలో లేనప్పుడు కళ్లెదుట నేరం జరిగి కలగజేసుకుంటే అది ఆఫ్ డ్యూటీ చర్య.

చిక్కంతా స్టాండ్‌బైతో వస్తుంది. ‘ఇంట్లోనే ఉండు, ఫోన్ ఎత్తితే చాలు’ అనడం వేరు, ‘యూనిఫాం వేసుకుని బారక్‌లో కూర్చో’ అనడం వేరు. రెండో దానిలో మనిషి తన సమయాన్ని తనకోసం వాడుకోలేడు, కాబట్టి అది పూర్తి డ్యూటీ. మొదటిదానికి ఒక చిన్న భత్యం ఇచ్చి, పిలిచిన క్షణం నుంచి గంటలు లెక్కగట్టాలి. ఎంతసేపట్లో రిపోర్ట్ చేయాలన్నది గీటురాయి. పావుగంటలో స్టేషన్‌లో ఉండాలంటే అతను ఇంట్లో ఉన్నా డ్యూటీలో ఉన్నట్టే లెక్క.

వాట్సాప్ గ్రూపులు కూడా ఇక్కడికే వస్తాయి. రాత్రి పదకొండింటికి ‘రేపు ఐదింటికి అందరూ రిపోర్ట్’ అని గ్రూపులో పడితే, చూసినవాడికి నిద్ర చెడుతుంది, చూడనివాడికి మెమో వస్తుంది. రోస్టర్ మార్పు కనీసం 24 గంటల ముందు చెప్పాలనీ, అంతకంటే ఆలస్యమైతే అది రీకాల్ కింద లెక్క అనీ ఒక్క వాక్యం రాసి పెట్టండి. ఆ సందేశాలు వాటంతటవే తగ్గిపోతాయి.

2. చట్టం ఏం చెబుతోందో ముందే చూసుకోండి

ఎక్కడి చట్టం అక్కడిదే. ఇంకో దేశం నియమావళిని తెచ్చి అతికిస్తే మొదటి వివాదంలోనే ఊడిపోతుంది.

అమెరికాలో 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం పోలీసులకు ఒక ప్రత్యేక వెసులుబాటు ఇస్తుంది. ఓటీ లెక్కకు వారం బదులు 7 నుంచి 28 రోజుల పని కాలాన్ని శాఖ ఎంచుకోవచ్చు. 28 రోజులైతే 171 గంటలు దాటాకే ఒకటిన్నర రెట్ల ఓటీ మొదలవుతుంది. పోలీసు తన ఇష్టంతో వేరే స్వతంత్ర యజమాని దగ్గర ప్రత్యేక డ్యూటీ చేస్తే ఆ గంటలు శాఖ ఓటీ లెక్కలోకి రానక్కర్లేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. చట్టం మినహాయించింది డబ్బు లెక్కనే. అలసట లెక్క నుంచి శరీరాన్ని ఏ చట్టమూ మినహాయించలేదు.

బ్రిటన్‌లో కానిస్టేబుల్, సార్జెంట్ హోదాలకే ఓటీ ఉంది, మామూలు పనిరోజున రేటు గంట జీతానికి ఒకటీ మూడోవంతు రెట్లు. ఇన్‌స్పెక్టర్లకు 1994లోనే తీసేశారు. యూరోపియన్ యూనియన్ 2003 పనివేళల ఆదేశం రోజుకు 11 గంటల ఎడతెగని విశ్రాంతి, సగటున వారానికి 48 గంటల పరిమితి పెడుతుంది, పోలీసు పనిలో కొన్నిటికి మినహాయింపులతో.

భారత్‌లో 1861 పోలీసు చట్టం సెక్షన్ 22 ప్రకారం పోలీసు అధికారి ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే. సెక్షన్ 10 ప్రకారం ఇన్‌స్పెక్టర్ జనరల్ రాతపూర్వక అనుమతి లేకుండా వేరే ఉద్యోగం చేయకూడదు. రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకున్న చోట వాటినీ చూడాలి. ‘ఎప్పుడూ డ్యూటీయే’ అన్న మాటను అడ్డం పెట్టుకుని ఇక గంటలు లెక్కపెట్టడమెందుకు అనే వాదన తరచూ వినిపిస్తుంది. నా దృష్టిలో అది సోమరి వాదన. ఆ సెక్షన్ అధికారాలు ఎప్పుడూ ఉంటాయనీ, ఎప్పుడైనా పిలవవచ్చనీ చెబుతుంది. నిద్రపోనివ్వకూడదని చెప్పదు. కేంద్ర పోలీసు పరిశోధన సంస్థ బీపీఆర్‌అండ్‌డీ కోసం హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ (ఆస్కీ) 2014లో చేసిన అధ్యయనంలో స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు 8 గంటలకు మించి పనిచేస్తున్నట్టు తేలింది. తమ సిబ్బందికి నెలకు ఒక్క వీక్లీ ఆఫ్ కూడా దొరకడం లేదని నాలుగింట మూడొంతుల స్టేషన్ అధికారులు ఒప్పుకున్నారు. ఓటీ చెల్లింపు లేనిచోట గంటలు లెక్కపెట్టే అవసరం ఇంకా ఎక్కువ. డబ్బు రూపంలో కనిపించని భారం ఏ బడ్జెట్ సమావేశంలోనూ చర్చకు రాదు.

3. ఓటీ ఎందుకొస్తోందో విడదీయండి

కోతలు వేయడానికి ముందు మూడు నెలల పాత స్లిప్పులు ముందేసుకుని కారణాల వారీగా కుప్పలు పెట్టండి. ఖాళీ పోస్టు నింపడం, షిఫ్ట్ చివరి అరెస్టు, కోర్టు, బందోబస్తు, రిపోర్టులు రాయడం, ఇతరాలు. ‘ఇతరాలు’ కుప్ప పదోవంతు దాటితే కారణాల జాబితా సరిగా లేదన్నమాట.

ఎక్కువచోట్ల పెద్ద కుప్ప ఖాళీ పోస్టులదే అవుతుంది. దానికి లెక్క ఇలా కట్టాలి. ఒక కాపలా పాయింట్‌లో రోజంతా ఒక మనిషి ఉండాలంటే ఏడాదికి 8,760 గంటలు కావాలి. వారానికి 40 గంటల చొప్పున ఒకరు ఏడాదికి 2,080 గంటలు ఇస్తారు. సెలవులు, జబ్బు, శిక్షణ, కోర్టు కలిపి 400 గంటలు పోతాయనుకుంటే మిగిలేవి 1,680. 8,760ని 1,680తో భాగిస్తే 5.2. అంటే మూడు షిఫ్టులకు ముగ్గురు చాలనుకునే చోట నిజంగా కావలసింది ఐదుగురి పైచిలుకు. ముగ్గురితోనే నడిపితే ఏటా 3,720 గంటలు ఎవరో ఒకరు అదనంగా చేయాల్సిందే. దానికి మీరు ఓటీ అని పేరు పెట్టినా, పెట్టకపోయినా. మీ స్టేషన్ సెలవుల రికార్డుతో 400 స్థానంలో అసలు అంకె వేసి చూడండి. ఈ ఒక్క కాగితం పైకి పంపితే, సిబ్బంది కొరత మీద పది ఉత్తరాలు రాసినదానికంటే ఎక్కువ పని జరుగుతుంది.

షిఫ్ట్ నిడివినీ ఇక్కడే చూడాలి. 8, 10, 12 గంటల షిఫ్టుల్ని అమెరికాలోని డెట్రాయిట్, ఆర్లింగ్టన్ పోలీసుల మీద పోల్చి చూసిన పోలీస్ ఫౌండేషన్ అనే పరిశోధన సంస్థ 2011 ప్రయోగంలో, 10 గంటల షిఫ్ట్ వాళ్లు 8 గంటల వాళ్లకంటే రాత్రికి అరగంటకు పైగా ఎక్కువ నిద్రపోయారు, ఓటీ చాలా తక్కువ చేశారు. 8 గంటల వాళ్ల ఓటీ దానికి ఐదు రెట్లకు పైగా ఉంది. 12 గంటల వాళ్లలో చురుకుదనం తగ్గింది. షిఫ్టులు ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా వేస్తే చివరి నిమిషం ఫిర్యాదును వచ్చే షిఫ్ట్ అందుకుంటుంది, రిలీవర్ కోసం ఆగాల్సిన పని ఉండదు.

4. ముందు అనుమతి, ఆ తర్వాతే ఓటీ

పొడిగింపు, బందోబస్తు, శిక్షణ, దేనికైనా ముందు షిఫ్ట్ ఇన్‌చార్జ్ సరే అనాలి. అత్యవసరంలో నోటిమాట చాలు, కానీ స్లిప్ ఆ షిఫ్ట్ ముగిసేలోపు పడాలి. స్లిప్‌లో మొదలైన సమయం, ముగిసిన సమయం, కారణం కోడ్, కేసు నంబరు లేదా జనరల్ డైరీ (స్టేషన్ రోజువారీ పుస్తకం) ఎంట్రీ నంబరు, అనుమతించిన అధికారి పేరు ఉండాలి. వారం చివర అందరి స్లిప్పులూ ఒకేసారి రైటర్ కూర్చుని రాసే అలవాటు ఉంటే ఆపించండి. జ్ఞాపకంతో రాసిన సమయాలన్నీ చక్కగా ‘ఆరు నుంచి పది’ అనే ఉంటాయి, రేపు కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌కి నిలబడవు.

తన ఓటీని తానే మంజూరు చేసుకోవడం ఏ హోదాలోనూ కుదరదని రాయండి. అనుమతి లేకుండా చేసిన పనికి డబ్బు ఎగ్గొట్టడం మాత్రం తప్పు. పని చేయించుకున్నాం కాబట్టి చెల్లించాలి, అనుమతి తీసుకోనందుకు విడిగా క్రమశిక్షణ చర్య తీసుకోవాలి. ఈ రెండిటినీ కలిపేస్తే సిబ్బంది గంటలు దాచడం మొదలుపెడతారు, మీ పద్దు అబద్ధమైపోతుంది.

5. హద్దులు

మొదలుపెట్టడానికి నేను సూచించే అంకెలు ఇవి. ఏ 24 గంటల్లోనైనా మొత్తం పని 14 గంటలు మించకూడదు. రెండు పనుల మధ్య ఎడతెగని 10 గంటల విశ్రాంతి ఉండాలి. ఏ ఏడు రోజుల్లోనైనా 60 గంటలు దాటకూడదు, ఏ పద్నాలుగు రోజుల్లోనైనా రెండు పూర్తి ఖాళీ రోజులుండాలి. డ్యూటీ, ఓటీ, కోర్టు, ప్రైవేటు పని అన్నీ ఇందులోకే వస్తాయి. ‘ఏ 24 గంటల్లోనైనా’ అన్న మాట ముఖ్యం. క్యాలెండర్ రోజు అని రాస్తే అర్ధరాత్రి దాటగానే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. 

అల్లర్లు, వరదలు, తప్పిపోయిన పిల్లలు లాంటి సందర్భాల్లో హద్దు దాటక తప్పదు. దానికి తలుపు తెరిచే ఉంచండి, తాళం మాత్రం స్టేషన్ అధికారికి పై హోదా చేతిలో ఉండాలి. ఎవరెవరు ఎన్ని గంటలు దాటారో మర్నాడే రాతలో రావాలి. హద్దు దాటినవాడి తర్వాతి షిఫ్ట్ వెనక్కి జరిగితే ఆ జరిగిన గంటలకు జీతం కోయకూడదు. కోస్తే ఎవడూ అలసిపోయానని చెప్పడు. డ్యూటీ దిగి బండి నడపలేని స్థితిలో ఉన్నవాడికి ఇంటికి దించే ఏర్పాటో, స్టేషన్‌లోనే పడుకునే చోటో ఉండాలి.

హద్దులు పెడితే నేరాలు పెరుగుతాయన్న భయం సహజమే. రెండో వైపూ చూడండి. అమెరికాలో కింగ్ కౌంటీ ఆడిటర్ 2017 నివేదిక ప్రకారం వారంలో ఒక్క గంట ఓటీ పెరిగితే, ఆ తర్వాతి వారం ఆ అధికారి బలప్రయోగ ఘటనలో ఉండే అవకాశం 2.7 శాతం పెరిగింది.

6. ఎవరికి వేయాలి?

రెండు రకాల ఫిర్యాదులొస్తాయి: ‘ఓటీ అంతా వాళ్లకే ఇస్తున్నారు’, ‘ఎప్పుడూ నన్నే ఆపుతున్నారు’. ఓటీకి డబ్బున్న చోట మొదటిది, లేనిచోట రెండోది ఎక్కువగా వినిపిస్తుంది. రెండింటికీ మందు ఒకటే, గోడ మీద అందరికీ కనిపించే వరస జాబితా. ముందు ఇష్టపడినవాళ్లను, వాళ్లలో ఈ నెలలో తక్కువ గంటలు చేసినవాడిని పిలవాలి. ఎవరూ రాకపోతే బలవంతపు డ్యూటీ, దానికి వేరే వరస. ఒకసారి పడినవాడు జాబితా అడుక్కి వెళ్తాడు. వద్దన్నవాడి పేరు పక్కన కారణం రాయండి, శిక్షగా కాదు, మళ్లీ ఎప్పుడు అడగాలో తెలియడానికి. చంటిపిల్లల తల్లులకు, చికిత్సలో ఉన్నవాళ్లకు మినహాయింపు నియమావళిలోనే ఉండాలి. ఇన్‌చార్జ్ దయ మీద వదిలేస్తే అది తర్వాత పైరవీగా మారుతుంది.

7. డబ్బా, సెలవా?

కాంప్ ఆఫ్, అంటే ఓటీకి డబ్బు బదులు సెలవు, ఇస్తే ఖర్చు లేదని చాలామంది అధికారుల నమ్మకం. ఒక గంట ఓటీకి గంటన్నర సెలవు ఇచ్చారనుకోండి. అతను సెలవు పెట్టినప్పుడు ఆ గంటన్నరను ఇంకొకరి ఓటీతో నింపితే ఆ రెండోవాడికి రెండుంబావు గంటలు బాకీ. దాన్నీ ఓటీతోనే నింపితే మూడోవాడికి మూడు గంటల ఇరవై నిమిషాల పైచిలుకు. సిబ్బంది చాలని చోట కాంప్ ఆఫ్ అంటే వడ్డీకి తెచ్చిన అప్పు. ఫ్రాన్స్‌లో 2018 చివరికి జాతీయ పోలీసులకు చెల్లించని ఓటీ దాదాపు 2.3 కోట్ల గంటలకు పేరుకుపోయింది, వీధుల్లో నిరసనలు ఉధృతంగా ఉన్న సమయంలో ప్రభుత్వం ఆ బాకీ మీద సంఘాలతో బేరానికి కూర్చోవాల్సి వచ్చింది.

అందుకని కాంప్ ఆఫ్ నిల్వకు గరిష్ఠ పరిమితి పెట్టండి. అమెరికా చట్టంలో పోలీసులకు అది 480 గంటలు, దాటితే నగదు ఇవ్వాల్సిందే. నా మట్టుకు అది చాలా ఎక్కువ, 80 గంటలు దాటనివ్వకపోవడం మేలు. ఆర్నెల్లలో వాడుకోలేకపోతే డబ్బుగా మార్చాలి. ‘మురిగిపోతుంది’ అన్న నిబంధన పెడితే అది దోపిడీయే.

8. కోర్టు

సమన్లు వచ్చే తేదీల్ని రోస్టర్‌లో కలపడం సగం పరిష్కారం. నైట్ డ్యూటీ మర్నాడు కోర్టు పడితే ఆ రాత్రి డ్యూటీ మార్చాలి. దీనికోసం కోర్టు కానిస్టేబుల్ ప్రతి శుక్రవారం వచ్చే రెండు వారాల సమన్ల జాబితా రోస్టర్ వేసేవాడికి ఇవ్వాలి. వాయిదా పడిన కేసుకు పోయి కూర్చున్న గంటలే ఈ ఖాతాలో ఎక్కువ కాబట్టి, ప్రాసిక్యూటర్ కార్యాలయం నుంచి ముందురోజు సాయంత్రం ఖరారు మాట తెప్పించుకోండి. ఆఫ్ రోజున వెళ్లినవాడికి కనీసం మూడు గంటలు లెక్కగట్టడం న్యాయం. వెళ్లి రావడానికే పూట పోతుంది.

9. బయటి పనులకు అనుమతి

అసలు కష్టం ఇక్కడుంది. పోలీసు అధికారం ప్రజలది. యూనిఫాంలో ఉన్న మనిషికి ఒక వ్యాపారి డబ్బిస్తే ఆ అధికారాన్ని అద్దెకిచ్చినట్టవుతుంది. న్యూ ఓర్లీన్స్ పోలీసు శాఖ మీద 2011లో అమెరికా న్యాయశాఖ ఇచ్చిన నివేదికలో ఈ ప్రైవేటు డ్యూటీల వ్యవస్థను శాఖలోని అవినీతికి ప్రధాన రక్తనాళంగా వర్ణించారు. ఆ తర్వాత అక్కడ ఆ పనుల పంపకాన్ని పోలీసుల చేతుల్లోంచి తీసేసి నగర పాలనలో ఒక ప్రత్యేక కార్యాలయానికి అప్పగించారు.

ఎందుకంత దూరం వెళ్లాల్సి వచ్చిందో ఊహించుకోవడం కష్టమేమీ కాదు. పనులు తెచ్చిపెట్టే హెడ్ కానిస్టేబుల్ ఒకడుంటాడు. వారాంతంలో ఇన్‌స్పెక్టర్ కూడా అతను ఇచ్చే పనికి వెళ్తాడు. సోమవారం అదే హెడ్ కానిస్టేబుల్ ఆలస్యంగా వస్తే ఇన్‌స్పెక్టర్ ఏమంటాడు? ఏమీ అనడు. హోదాల వరస తలకిందులవుతుంది. ఇంకో రకం కూడా ఉంది. తన బీట్‌లోని దుకాణంలో రాత్రుళ్లు కాపలా ఉండే కానిస్టేబుల్ దగ్గరికి, పగలు ఆ దుకాణం మీద ఫిర్యాదు వస్తుంది.

బయటి పని పూర్తిగా నిషేధించడం తేలికైన మార్గం. చట్టం అదే చెబుతుంటే చర్చే లేదు. అనుమతించే చోట మాత్రం రెండు రకాల్ని వేరు చేయండి. పోలీసు అధికారంతో సంబంధం లేని పని, అంటే ట్యూషన్, సేద్యం, సంగీత పాఠాలు, కుటుంబ వ్యాపారంలో సాయం, ఒక రకం. వీటికి చూడాల్సింది గంటలు, ప్రయోజనాల ఘర్షణ మాత్రమే. యూనిఫాంతోనో, పోలీసు హోదా చూపించో చేసే కాపలా, ట్రాఫిక్, జనాన్ని అదుపు చేసే పని రెండో రకం. దీనికి ఈ కట్టుబాట్లు అవసరం:

– ఒప్పందం నిర్వాహకుడికీ శాఖకూ మధ్యే జరగాలి. డబ్బు శాఖ ఖజానాలో పడి జీతంతో పాటు రావాలి. చేతికి నగదు తీసుకోవడం నేరుగా క్రమశిక్షణా రాహిత్యం.
– ఎవరు వెళ్లాలో నిర్వాహకుడు పేరు పెట్టి అడగకూడదు, వరస జాబితానే నిర్ణయిస్తుంది. పని కుదిర్చినందుకు కమిషన్ ఎవరికీ లేదు.
– అక్కడా ఆజ్ఞ పోలీసు హోదాదే. ‘నా అతిథిని వదిలెయ్’ అని నిర్వాహకుడు చెప్పడానికి లేదు.
– బండి, వైర్‌లెస్ సెట్ వాడితే వాటి ఖర్చు, గాయమైతే బీమా ఎవరిదో ఒప్పందంలో ఉండాలి.
– ఎంతమంది కావాలో శాఖ చెబుతుంది. పెద్ద గుంపుకు ఇద్దరే చాలని నిర్వాహకుడు బేరమాడితే ఒప్పుకోకూడదు.

నిషేధిత జాబితాలో మద్యం అమ్మే చోట కాపలా, జూదం, అప్పు వసూళ్లు, ప్రైవేటు డిటెక్టివ్ పని, వివాదంలో ఉన్న ఇళ్లు ఖాళీ చేయించడం, పార్టీల ప్రచారం, తన స్టేషన్ లైసెన్సు లేదా తనిఖీ కింద ఉన్న వ్యాపారం, తాను దర్యాప్తు చేసిన కేసులోని వ్యక్తుల దగ్గర కొలువు తప్పకుండా ఉండాలి. పోలీసు రికార్డులు చూసి బయటివాళ్లకు సమాచారం ఇవ్వడం ఏ పని కిందా చెల్లదు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు, శాఖాపరమైన విచారణ ఎదుర్కొంటున్నవాళ్లు, మెడికల్ లీవ్‌లో లేదా లైట్ డ్యూటీలో ఉన్నవాళ్లు అర్హులు కారు. సిక్ లీవ్ పెట్టినవాడు మళ్లీ డ్యూటీలో చేరి ఒక పూర్తి షిఫ్ట్ చేసేదాకా బయటి పనికి వెళ్లకూడదు.

దరఖాస్తు ఒక పేజీ చాలు: ఎవరి దగ్గర, ఏం పని, ఎక్కడ, వారానికి గరిష్ఠంగా ఎన్ని గంటలు, యూనిఫాం అవసరమా, ఆయుధం అవసరమా. అనుమతికి ఏడాది గడువు పెట్టండి. నిరాకరిస్తే కారణం రాతలో ఇవ్వాలి, పైకి అప్పీలు చేసుకునే దారి ఉండాలి. పనిచేసిన గంటలు 48 గంటల్లోపు పద్దులో ఎక్కించకపోతే అనుమతి ఆగిపోతుందని రాస్తే గుర్తుచేయాల్సిన పని ఉండదు.

10. డ్యూటీలో లేనప్పుడు నేరం ఎదురైతే

సివిల్ దుస్తుల్లో చేతిలో తుపాకీ పట్టుకుని నిలబడ్డవాడు, అక్కడికొచ్చే సాటి పోలీసుల కళ్లకు నేరస్థుడిలాగే కనిపిస్తాడు. కాబట్టి మొదటి పని కంట్రోల్ రూమ్‌కి ఫోన్, వీలైతే మంచి సాక్షిగా ఉండటం. ప్రాణాపాయం ఉంటేనే కలగజేసుకోవాలి. ఫోన్‌లో తానెవరో, ఏ రంగు చొక్కా వేసుకున్నాడో, ఆయుధం ఉందో లేదో చెప్పాలి. బలగం రాగానే ఆయుధంతో వాళ్లవైపు తిరగకుండా, చేతులు కనిపించేలా ఉంచి వాళ్ల మాట వినాలి. సొంత కుటుంబం, ఇరుగుపొరుగు, తన డబ్బు తగాదాల్లో పోలీసు అధికారం వాడనే కూడదు. మద్యం తాగినప్పుడు ఆయుధం దగ్గర పెట్టుకోకూడదు. కలగజేసుకున్న నిమిషం నుంచి అది డ్యూటీ, గంటలు పద్దులో పడతాయి, దెబ్బ తగిలితే పరిహారమూ వర్తిస్తుంది. ఈ చివరి మాట రాయకపోతే గాయపడ్డవాడి కుటుంబం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది.

11. తనిఖీ

స్లిప్పును స్లిప్పుతో సరిచూస్తే మోసం దొరకదు. వేరే చోట వాటంతటవే నమోదయ్యే రికార్డులతో కలపాలి: వైర్‌లెస్ లాగ్, బండి జీపీఎస్, బాడీ కెమెరా సమయాలు, జనరల్ డైరీ, కోర్టు ముద్ర. మసాచుసెట్స్ స్టేట్ పోలీస్‌లో 2018లో బయటపడ్డ వ్యవహారంలో, రాని షిఫ్టులకు, మధ్యలోనే వెళ్లిపోయిన షిఫ్టులకు ఓటీ తీసుకున్నవాళ్లు కొందరు ట్రాఫిక్ చలాన్ల మీద సమయాలు మార్చి పని చేసినట్టు చూపించారు. బండ్ల రేడియో రికార్డులతో పోల్చినప్పుడు ఆ కట్టుకథ నిలవలేదు. ఆ గొడవకు కేంద్రమైన ట్రూప్ ఇ విభాగాన్నే రద్దు చేశారు.

నెలకోసారి ఎక్కువ గంటలు చేసిన పదిమంది పేర్లు తీయండి. ఎక్కువ చేయడం తప్పని కాదు, మొదట చూడాల్సిన చోటు అదని. ఆ తర్వాత చూడాల్సినవి: ఎప్పుడూ నిమిషాలు లేకుండా పూర్తి అంకెల్లోనే ఉండే గంటలు, షిఫ్ట్ చివరి అరగంటలోనే పడే అరెస్టులు, సిక్ లీవ్ మర్నాడే ఓటీ, ప్రైవేటు పని సమయంతో ఒకదానిమీద ఒకటి పడ్డ షిఫ్ట్. పింఛను లెక్కలో ఓటీ కలిసే చోట రిటైర్‌మెంట్‌కు ముందు సంవత్సరాల్లో ఒక్కసారిగా పెరిగిన గంటల్నీ చూడాలి. తనిఖీ చేసేవాడు ఆ స్టేషన్ నుంచి ఓటీ తీసుకునేవాడు కాకూడదు.

12. అమల్లోకి తేవడం

మొదటి నెల ఏ హద్దూ పెట్టకుండా పద్దు మాత్రం నడపండి. ఎవరికీ శిక్ష ఉండదని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి. నెలాఖరుకి వచ్చే అంకెలు చూసి మీరే ఆశ్చర్యపోతారు. రెండో నెల నుంచి హద్దు దగ్గరపడ్డవాడికి, అతని ఇన్‌చార్జ్‌కి హెచ్చరిక వెళ్లాలి. మూడో నెల నుంచి హద్దులు కచ్చితం. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. చిన్న స్టేషన్‌కి ఒక ఎక్సెల్ షీట్ చాలు: మనిషికి ఒక వరస, గంటకు ఒక గడి, ఖాతాకు ఒక రంగు.

వ్యతిరేకత వస్తుంది, అదీ మీరనుకోని వైపు నుంచి. ఏళ్లుగా ఓటీ, బయటి పని మీద ఇంటి అప్పు కడుతున్నవాళ్లకు గంటల హద్దు అంటే జీతంలో కోతే. సంఘాలతో ముందే కూర్చోండి. ఇలాంటివాళ్లకు ఆర్నెల్ల పాటు మెట్లుమెట్లుగా తగ్గే హద్దు ఇవ్వచ్చు, వారానికి 72 గంటల నుంచి 66కి, అక్కడినుంచి 60కి. ఇప్పటికే ఇచ్చిన బయటి పని అనుమతులన్నీ ఒక తేదీకి ముగిసేలా చేసి, కొత్త దరఖాస్తుతో మళ్లీ తీసుకోమనండి, పెద్ద హోదాలవాళ్లతో మొదలుపెట్టి. పాత కాంప్ ఆఫ్ నిల్వల్ని విడిగా స్తంభింపజేసి, ఎవరికెంత ఉందో సంతకంతో ఖరారు చేసుకుని, తీర్చే గడువు ప్రకటించండి. ఆ గడువు దాటితే మిగిలింది నగదుగా ఇవ్వాలి. ఈ ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే చూపించాలి.